పంటిలో హాజరీ పుస్తకం

పోయిన నెల మా మనవరాలు నోరు తెరిచి, "తాతా, వెనకాల కొత్త పన్ను వచ్చింది" అని చూపెట్టింది. దానికి ఆరేళ్లు. ఆ పన్ను వెనక పెద్ద కథే ఉంది, ఈ నెల అదే చెప్తాను.

ఇంగ్లండులో 1833లో ఒక చట్టం వచ్చింది. తొమ్మిదేళ్లు నిండని పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోవద్దన్నారు. చాలామంది పిల్లలకు పుట్టిన తేదీకి రుజువు లేదు. ఎత్తు చూసి వయసు రాసేవాళ్లు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే పళ్ల డాక్టరు వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్లు చూసి, ఎత్తు కన్నా పళ్లే వయసు సరిగ్గా చెప్తాయని పుస్తకం రాశాడు.

మన పిల్లలకు ఆ లెక్క సరిపోతుంది. కానీ లక్షల ఏళ్ల కిందటి వానరాల పళ్లకు కూడా అదే లెక్క వేశారు. 1924లో దక్షిణాఫ్రికాలో టాంగ్ అనే చోట, సున్నపురాయి గనిలో రాయిగా మారిన పిల్ల పుర్రె దొరికింది. రేమండ్ డార్ట్ దానికి పెట్టిన పేరుకు 'దక్షిణాది వానరం' అని అర్థం. దానికి మొదటి పెద్ద దవడపన్ను అప్పుడే వస్తోంది. అందుకని ఆరేళ్లు ఉంటాయనుకున్నారు.

1985లో తిమోతీ బ్రోమేజ్, క్రిస్టోఫర్ డీన్ అలాంటి పాతకాలపు పిల్లల ముందుపళ్లను మైక్రోస్కోపు కింద పెట్టి గీతలు లెక్కపెట్టారు. పంటి మీది గట్టి పొర, ఎనామిల్, రోజుకింత చొప్పున పేరుకుంటుంది. ప్రతి రోజుకూ సన్నగీత ఉంటుంది. కొన్ని రోజులకొకసారి లావుగీత పడుతుంది. మనుషుల్లో అది ఎనిమిది రోజులకు అటూఇటూ. గుడ్డ మీద అద్దం పెట్టి మనం అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టినట్టే అదీను. పుట్టేనాటికి తయారవుతున్న పళ్లలో పుట్టిన రోజు గీత కూడా ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే ఆ గుర్తూ మిగులుతుంది. ఇప్పుడైతే ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పన్ను కోయకుండానే బలమైన ఎక్స్‌రేతో లోపలి గీతలు చూస్తున్నారు.

లెక్క తేలితే, ఆ దవడపన్ను వచ్చేనాటికి ఆ పిల్లలకు మూడేళ్లు దాటాయంతే. టాంగ్ పిల్ల వయసూ అంతకే దిగింది. చింపాంజీల మాదిరి తొందరగా ఎదిగిపోయారు వాళ్లు. నిదానంగా ఎదిగే ఇంత పొడుగు బాల్యం మనిషికి చాలా ఆలస్యంగా దక్కింది.

నన్ను మిల్లులో పెట్టినప్పుడు కాగితం మీద 18 ఏళ్లని రాశారు. నాకు 14 కూడా నిండలేదు. అప్పుడెవరూ నా నోరు తెరిచి చూడలేదు. ఆ నాలుగేళ్లు నాకు తిరిగి రాలేదు.

ఆరేళ్లకు వచ్చే ఆ దవడపన్ను పాలపన్ను కాదు. ఏ పన్నూ ఊడకుండా వెనకాల వస్తుంది కాబట్టి చాలామంది పాలపన్నే అనుకుని పుచ్చిపోనిస్తారు. అది పోతే మళ్లీ రాదు. ఇవాళ రాత్రి మీ పిల్లల నోరు ఒకసారి చూడండి. బాల్యాన్ని కూడా అట్లాగే కాపాడండి.