మొద్దు ఎవరు?

వెర్రి వేయి విధాలని మన పెద్దలు ఊరకే అనలేదు. గంజాం జిల్లాలోని ఏ తెలుగు ఇంటనైనా వినిపించే తిట్లను ఒక్కసారి ఏరి చూడండి. చెప్పిన మాటను అక్షరాలా పట్టుకొని కొంప ముంచేవాడు పరమానందయ్య శిష్యుడు. చేయి ఆడవలసిన చోట చతికిలబడేవాడు దద్దమ్మ. ఎంత చెప్పినా తలకెక్కనివాడు మొద్దు. పంతులుగారి నోట అతడే శుంఠ. తెలిసినదాన్ని సమయాసమయాలు చూడక వల్లించేవాడిది చాదస్తం. వేదం చదివిన ఛాందసుడి నుంచి పుట్టిన మాట అది. అతి చదువు కూడా తెలివితక్కువతనమే కాగలదని తెలుగువాడు ఏనాడో కనిపెట్టాడు! ఉన్నట్టుండి పేచీకి దిగేవాడిది తిక్క. ఎవరేమి చెప్పినా నమ్మేవాడు వెర్రిబాగులవాడు. ఇక తల్లి బిడ్డను అక్కున చేర్చుకొని ‘వెర్రినాయనా’ అన్నప్పుడు ఆ వెర్రిలో నింద లేశమాత్రమూ లేదు.

మన ఇరుగుపొరుగున ఉన్న ఒడియా సోదరులకూ ఇటువంటి సంపద ఉంది. బోకా, హుండా, బాయా, పాగళ వంటి మాటలు బరంపురం వీధులలో పెరిగిన తెలుగు పిల్లలకు కొత్తవి కావు. చెప్పినా వినక మారాం చేసే పసివాణ్ని వారు ‘అబుఝా’ అంటారు. అందులో విసుగెంతో ముద్దూ అంతే. అయితే చూడడానికి ఒకటిగా ఉండి అర్థంలో విడిపోయిన మాటల దగ్గర జాగ్రత్త అవసరం. ‘మూర్ఖ’ అంటే ఒడియాలో చదువురానివాడనే అర్థం బలంగా ఉంది. మన మూర్ఖుడు ఎంత చదివినా పట్టిన పట్టు విడువనివాడు. మనం ‘అమాయకుడు’ అంటే లోకం తెలియనివాడని కాస్త జాలి పడతాము. అదే సంస్కృత మూలం నుంచి వచ్చిన ఒడియా ‘అమాయిక’ మాత్రం కల్లాకపటం లేని మర్యాదస్థునికి ఇచ్చే ప్రశంస. మీ తండ్రిగారి ‘అమాయిక’ ప్రవర్తనను ఒడియా మిత్రుడెవరైనా పొగిడితే నొచ్చుకోకండి.

ఈ చిత్రం మనకే పరిమితం కాదు. ఇంగ్లీషులో ‘సిల్లీ’ అంటే నేడు వట్టి తెలివిమాలినతనం. ఒకనాడు ఆ మాటకు ధన్యుడు, శుభం పొందినవాడు అని అర్థం. నాలుగు లక్షల జనాభా అయినా లేని ఐస్‌లాండులో దాని తోబుట్టువైన ‘సైట్ల్’ అన్న పదం ఇప్పటికీ సుఖి అనే అర్థంతోనే నిలిచి ఉంది. అక్కడివారు ఎదురుపడినప్పుడు ఆ మాటతోనే పలకరించుకొంటారు. ఒకే తల్లి బిడ్డలలో ఒకటి తిట్టు, ఒకటి దీవెన! అదే ఐస్‌లాండు భాషలో తెలివితక్కువవాడికి వాడే సామాన్య పదం ‘హేమ్‌స్కుర్’. దాని మూలం ‘హేమ్’, అంటే ఇల్లు. గడప దాటి లోకం చూడనివాడు బుద్ధిహీనుడన్నది ఆ ఓడయాత్రికుల తీర్పు. మన ‘నూతిలో కప్ప’ కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది.

ఇల్లే అజ్ఞానానికి గుర్తుగా మారిన ఈ మాట దగ్గర సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులు కొంచెం ఆగాలి. ఎందుకంటే మన పిల్లవాడు ఇంటి నుంచి బడికి తీసుకొనిపోయేది ఇంటి భాషనే. ఆ భాష అక్కడ చెల్లనప్పుడు వాడు మౌనం వహిస్తాడు. మౌనాన్ని మందబుద్ధిగా లెక్కగట్టడం లోకానికి చాలా పాత అలవాటు. ఇంగ్లీషు ‘డంబ్’ మూగవాడికి పేరు, తరువాత తెలివిలేనివాడికీ అదే పేరయింది. తమ భాష రానివారి పలుకు గ్రీకులకు ‘బర్ బర్’మని వినిపించింది, మన సంస్కృతంలోని ‘బర్బర’ శబ్దానికి నత్తి మాటలవాడని, మూఢుడని రెండర్థాలూ ఉన్నాయి. వేలాది సంవత్సరాల ఈ పొరపాటు ఒకటవ తరగతి గదిలో ఒక్క మాటగా తేలుతుంది: మొద్దు.

ఆ మాట గాలిలో కలిసిపోదు. న్యాయశాస్త్రం చదివినవారికి తెలుసు, తిట్టు చట్టంలోకి కూడా ఎక్కగలదని. 1912 నాటి భారత ఉన్మాద చట్టం తన నిర్వచనంలో ‘ఇడియట్’ అన్న పదాన్నే వాడింది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చేదాకా ఆ మాట మన చట్టపుస్తకంలో ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి, బుద్ధిమాంద్యం గలవారి తరగతులలో వేశారు. తొమ్మిది మంది పిల్లల పక్షాన వ్యాజ్యం నడిచింది. వారి భాషలో తిరిగి పరీక్షిస్తే ఎక్కువమందికి ఆ ముద్ర తగదని తేలింది. 1970లో ‘డయానా’ కేసుగా పేరొందిన ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. ఇకమీదట పిల్లవాణ్ని వాడి భాషలో కూడా పరీక్షించాలని రాష్ట్రం ఒప్పుకొంది. ఏ భాషలో అడిగారో చెప్పని పరీక్ష పరీక్షే కాదని నా అభిప్రాయం.

అంత దూరం పోనక్కరలేదు. మన పర్లాకిమిడిలోనే, అది గంజాం జిల్లాలో ఉన్న రోజులలో, గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు తెలుగు రాలేదని వారిని మొద్దులనలేదు. తానే సవర నేర్చుకొన్నారు, వారి పిల్లలకు బడి పెట్టారు, వారి భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆనాడు ఆ ప్రాంతంలో తెలుగు బడి భాష, సవర అడవి భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో చేరిన తరువాత బల్ల తిరగబడింది. సవర పిల్లల పట్ల మనవారు ఎంతమంది గిడుగువారిలా నడచుకొన్నారన్న ప్రశ్నకు జవాబు వెతికితే, ఒడియా ఉపాధ్యాయుల మీద మన కోపం సగం చల్లారుతుంది. వారిలో చాలామందికి మన పిల్లవాడి ఇంటి మాట వినే అవకాశమే లేదు.

కోపం చల్లారినా హక్కు చల్లారకూడదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. ‘ప్రయత్నించాలి’ అన్న మాట బలహీనమైనదే, కాదనను. అందుకే దానితో పాటు మరి రెండు గుర్తుంచుకోవాలి. తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తంలో 40 మంది గాని ఆ భాషవారుంటే ప్రాథమిక దశలో ఆ భాషలో బోధనకు ఏర్పాటు చేయాలని 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. బిడ్డ మాతృభాష ఏదన్నది తల్లిదండ్రులో సంరక్షకుడో నిర్ణయించవలసిందేనని 2014లో కర్ణాటక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఇక విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లవాణ్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నలుగురిలో నిలబెట్టి రోజూ ‘బోకా’ అనడం వేధింపు కాదని వాదించడం ఏ న్యాయవాదికైనా కష్టమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బడిలో చేర్చే దరఖాస్తులో మాతృభాష అన్న గడి ఉంటుంది. ‘ఎందుకొచ్చిన తంటా’ అని అక్కడ ఒడియా అని రాసి వచ్చేవారు మనలో తక్కువేమీ కాదు. 10 మంది లెక్క తేలేది ఆ గడిలోనే. అక్కడ తెలుగు అనే రాయండి. రాసిన కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. బిడ్డ వెనుకబడ్డాడని బడి నుంచి కబురు వస్తే, ఇంటికి వచ్చి వాణ్ని తిట్టేముందు, ఏ భాషలో అడిగితే చెప్పలేకపోయాడో పంతులుగారిని మర్యాదగా అడగండి. అదే లెక్కను ఇంట్లో తెలుగులో వేసి చూపమనండి. చేశాడా, ఆ సంగతి రాతపూర్వకంగా బడికి తెలియజేయండి.

మరొకటి. మీ ఇంట అవ్వలు, తాతలు వాడే ఇటువంటి మాటలను, అవి ఎవరిని ఎప్పుడు అంటారో ఒక్క వాక్యంలో చేర్చి, మాకు పంపండి. పక్కింటి ఒడియావారు అదే సందర్భంలో ఏమంటారో కూడా రాయండి. బూతులు వద్దు. తక్కినవన్నీ వచ్చే సంచికల నుంచి వరుసగా అచ్చువేస్తాము.