ఇరుసు వరకు

పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదానికి వెళ్లినవారు అక్కడి పసుపువన్నె రోల్స్ రాయిస్ కారు ముందు ఒక్క నిమిషమైనా నిలువక మానరు. అది 1912 నాటి సిల్వర్ గోస్ట్. ఏళ్ల తరబడి మూలబడిన ఆ నిజాముల వాహనాన్ని నిపుణులు మళ్లీ తీర్చిదిద్దారు. చూపరుల దృష్టి అంతా దాని వన్నె మీద, సింహాసనంవంటి ఆసనం మీద నిలుస్తుంది. ఆ కాలపు కార్లలో ఇంజను, గేర్‌బాక్సు సాధారణంగా విడివిడిగా చట్రానికి బిగించి ఉండేవనీ, వాటి నడుమ వరుస తప్పితే రాజవాహనమైనా వణకక తప్పదనీ తలచేవారు అరుదు. పాత కారును పునరుద్ధరించడమంటే రంగు వేయడమేనన్న భ్రమ మనలో బలంగా పాతుకొనిపోయింది.

పాత స్పోర్ట్స్ కారును ఇంటి ముంగిటనే విప్పి మళ్లీ కూర్చుకొనే యువకులలోనూ ఈ భ్రమ కనబడుతుంది. వారి అభిరుచి మెచ్చదగినదే. కానీ వారు మొట్టమొదట వెచ్చించవలసినది రంగు మీద కాదు, కొలత మీద అని నా నిశ్చితాభిప్రాయం.

ఇంజనులోని క్రాంక్ షాఫ్టు తిరుగుడు క్లచ్ ద్వారా గేర్‌బాక్సుకు, అక్కడినుండి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక ఇరుసుకు చేరుతుంది. క్రాంక్ షాఫ్టు కేంద్రమూ, గేర్‌బాక్సును మోసే బెల్ హౌసింగు రంధ్రపు కేంద్రమూ ఒక్కటి కావాలి. అంగుళంలో వెయ్యింట అయిదు వంతులకు మించిన తేడా సాధారణంగా పనికిరాదు. కంటితో తేల్చగలిగిన సంగతి కాదిది. ఫ్లైవీలుకు డయల్ గేజిని అమర్చి, దాని కొనను రంధ్రపు అంచుకు ఆనించి, క్రాంకును చేతితో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. గేజి చూపిన మొత్తం కదలికలో సగమే అసలు తేడా. ఈ సగం మాట మరచినవాడు బాగున్నదానిని చేజేతులా చెడగొట్టుకొంటాడు. వేరొక కారు ఇంజనును తెచ్చి అమర్చేవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

గేర్‌బాక్సునుండి వెలువడే షాఫ్టు, ఇరుసులోనికి పోయే షాఫ్టు ఒకే ఎత్తున ఉండనక్కరలేదు. సమాంతరంగా ఉంటే చాలు. పద్యంలో కర్త మొదటి పాదంలో, క్రియ నాలుగవ పాదంలో ఉన్నా అన్వయం కుదిరితే అర్థం చెడదు కదా! మెకానిక్కులు క్రాస్ అని పిలిచే జాయింటు వంగి తిరిగేటప్పుడు, ప్రతి చుట్టులోనూ అవతలి షాఫ్టు వేగం రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. మొదటి జాయింటు కలిగించిన ఈ ఒడిదుడుకును రెండవ జాయింటు తన ఎదురు ఒడిదుడుకుతో రద్దు చేస్తుంది. అయితే రెండు కోణాలూ సమానమై, షాఫ్టు రెండు కొసల యోకులు ఒకే తీరున నిలవాలి. కారు నేలకు ఒదిగి సొగసుగా కనబడాలని స్ప్రింగులు మార్చినవారు చాలాసార్లు ఈ కోణాలను కూడా తమకు తెలియకుండానే మార్చివేస్తారు.

బహదూర్‌పురాలో 2010లో వెలసిన సుధా కార్ల మ్యూజియం చూడండి. కన్యాబోయిన సుధాకర్ అక్కడ షూ రూపంలో, క్రికెట్ బ్యాటు రూపంలో, కెమెరా రూపంలో నడిచే కార్లను తయారుచేసి నిలిపారు. పైరూపంతో ఎంతటి చమత్కారమైనా చేయవచ్చు. లోపల తిరిగే భాగాలతో చమత్కారం చెల్లదు.

వారానికొకసారి తిప్పే పాత బండికి ఇంత సూక్ష్మం దేనికని కొందరి ఆక్షేపణ. వరుస తప్పిన షాఫ్టు మొదట వణకుతుంది, పిదప బేరింగులను అరగదీస్తుంది. వేగంలో ఉండగా దాని ముందు కొస ఊడి నేలకు గుచ్చుకొంటే కారు అదుపు తప్పుతుంది. ఆ ప్రమాదం యజమానితో ఆగదు. మదీనా కూడలివంటి రద్దీలో తోపుడుబండి వానికీ, బాటసారికీ అందులో వంతు పెడుతుంది. కాబట్టి షాఫ్టును విప్పకముందే రెండు కొసలా ఎదురెదురు గుర్తులు పెట్టుకోవాలి. తిరిగి బిగించాక కోణాలను కారు తన బరువుతో చక్రాల మీద నిలిచి ఉండగానే కొలవాలి, జాకీ మీద కాదు. రంగు డబ్బా మూత అంతవరకు తీయవలసిన పనిలేదు.