112కు ఫోన్ చేస్తే ఎత్తాలా, ఎత్తవచ్చా?

పోయిన భాగంలో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం నాలుగో సెక్షన్ గురించి రాశాను. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే ప్రశ్న పంపారు. "సార్, అది స్టేషన్ మెట్లెక్కినోళ్ళ సంగతి. స్టేషన్ దాకా పోలేక ఫోన్ చేసినోళ్ళ సంగతేంది?" ఈ భాగం ఆ ప్రశ్నకే.

నంబర్లు మనకు నోటికొచ్చు. 100, 101, 108, ఇప్పుడు అన్నిటికీ కలిపి 112. మనవాళ్ళ కోసం 2021 డిసెంబర్‌లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ మొదలుపెట్టిన 14566 కూడా ఉంది. నంబర్ ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు. 108నే తీసుకోండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అది నడిచేది చట్టం మీద కాదు, ప్రభుత్వానికీ ఒక సంస్థకీ మధ్య ఒప్పందం మీద. ఆ ఒప్పందంలో రెండు సంతకాలే ఉంటాయి. రోడ్డు మీద పడి ఉన్నవాడి సంతకం ఉండదు. ఇక్కడ పుట్టిన సేవను చూసి నేర్చుకున్న గుజరాత్ 2007లోనే అత్యవసర వైద్య సేవలకు ఒక చట్టం చేసుకుంది.

ఫోన్ చేసిన మనిషికి చట్టం ఏమిచ్చిందో పక్కన పెట్టి, ప్రభుత్వానికి ఏమిచ్చిందో చూద్దాం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20వ సెక్షన్ చదవండి. 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. పబ్లిక్ ఎమర్జెన్సీ వస్తే ప్రభుత్వం ఏ కంపెనీ నెట్‌వర్క్‌నైనా తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవచ్చు. సహాయ చర్యల కోసం తాను అనుమతించిన వాళ్ళ సందేశాలను ముందు పంపించవచ్చు. సంభాషణలు వినవచ్చు. సేవలు మొత్తం ఆపేయవచ్చు. 1885 నాటి తెల్లదొరల టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షన్‌కు ఇది మనవడు. తాత పోలికలు ఎక్కడికి పోతాయి?

సహాయక బృందాల మాటకు ముందు దారి ఇవ్వడం సబబే. వరదలో పడవ నడిపేవాడి ఫోన్ కలవాలి కదా. నా పేచీ అక్కడ కాదు. ఆ వరుసలో బస్తీలో ఇంటి కప్పెక్కి ఫోన్ పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడన్నదే ప్రశ్న. సెక్షన్‌లో ఎక్కడా లేడు.

ఆపేసే అధికారం ఎలా పనిచేస్తుందో మన నేల మీదే చూశాం. ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులు బయటపెట్టాలని, అవసరానికి మించి ఆపకూడదని సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న చెప్పింది. రెండు రోజులకే భైంసాలో ఘర్షణలు, ఇంటర్నెట్ బంద్. 2022 మే 24న అమలాపురం. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగింది. ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు పోయిన సంగతి పేపర్లలో వచ్చింది. డేటా పోతే దళిత పేటల్లో ఏం పోతుందో కూడా ఆలోచించండి. గుంపు ఎటు వస్తోందో ఒక పేట మరో పేటకు పంపుకునే వాట్సాప్ మెసేజ్ పోతుంది. దాడి చేసినవాడి వీడియో బయటి ఊరికి చేరే దారి పోతుంది.

పుకార్లు ఆపాలంటే తప్పదంటారు. పాతబస్తీ పెద్దల్ని అడగండి. 1990 డిసెంబర్ అల్లర్లప్పుడు ఎవరి చేతిలో సెల్‌ఫోన్ ఉంది? అయినా పుకారు గల్లీ గల్లీ తిరిగింది. పుకారుకు టవర్ అక్కర్లేదు. దాన్ని కాదని చెప్పే మాటకే కావాలి.

ఇప్పుడు 2005 విపత్తు నిర్వహణ చట్టం. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి క్రియల మీదికి కన్ను పోతుంది. 34వ సెక్షన్‌లో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థ ముంపు ప్రాంతంలో అత్యవసర సమాచార వ్యవస్థ 'ఏర్పాటు చేయవచ్చు'. ఆశ్రయం, అన్నం, నీళ్ళు 'ఇవ్వవచ్చు'. అన్నీ 'వచ్చు'లే. అదే మన దగ్గరికి వచ్చేసరికి క్రియ మారుతుంది. అధికారి ఆదేశం కారణం లేకుండా కాదంటే 51వ సెక్షన్ కింద జైలు. తప్పుడు హెచ్చరిక ప్రచారం చేస్తే 54 కింద ఏడాది దాకా జైలు. అధికార హోదాలో హెచ్చరిక ఇచ్చిన అధికారి మీద ఆ విషయంలో కోర్టుకు పోవడానికి లేదు, 74వ సెక్షన్ కాపాడుతుంది.

2020 అక్టోబర్ 17 రాత్రి గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ వైపు నీళ్ళు దూకాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తాక ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే మూసీ వచ్చింది. చాదర్‌ఘాట్, మూసానగర్ ఇండ్లు మునిగాయి. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమం నడిచిన చాదర్‌ఘాట్ ఇదే. పాతబస్తీ అంటే చార్మినార్, బిర్యానీ అనుకునే మిత్రులు ఉప్పుగూడ, గౌలిపురా, మూసీ ఒడ్డు బస్తీలు ఒకసారి తిరగండి. మాల మాదిగ ఇండ్లు, ముస్లిం ఇండ్లు ఒకే నాలా పక్కన ఉంటాయి. ఆ నాలా పొంగితే ఎవరి ఇంట్లోకి ముందు పోవాలో అడగదు. చట్టానికి ఆ మాత్రం తెలుసు. పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు కులం, మతం, పుట్టుక చూడొద్దని 61వ సెక్షన్ చెప్తుంది. అయితే అది ఇచ్చేటప్పటి మాట. ఇవ్వకపోతే?

మరో చిక్కు. 2024 జూలైలో వచ్చిన హైడ్రా పూర్తి పేరులోనే రెండు పనులున్నాయి, విపత్తు స్పందన, ఆస్తుల రక్షణ. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చి జీహెచ్ఎంసీ చట్టంలో 374బీ చేర్చి దానికి చట్టబలం ఇచ్చారు. జనానికి ఆ సంస్థ తెలిసింది కూల్చివేతలతోనే. చెరువు ఒడ్డున గుడిసె ఉన్నవాడు వాన రాత్రి ఆ సంస్థకే ఫోన్ చేసి తన అడ్రస్ చెప్పాలంటే చేయి ఆడుతుందా? కాపాడే చేయీ కూల్చే చేయీ ఒకటే అయినప్పుడు, కాపాడటానికి చెప్పిన వివరాలు కూల్చడానికి వాడకూడదని రాసి ఉండాలి.

చూడటానికి మాత్రం లోటు లేదు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభించారు. అంతకుముందే 2013 ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే షాపులు, సంస్థలు కెమెరాలు పెట్టి తీరాలంది. పెట్టకపోతే జరిమానా. అక్కడ 'పెట్టవచ్చు' అనలేదు, గమనించండి. 2021లో లాక్‌డౌన్ సమయంలో పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్క్ తీయమని ఫోటో తీశారు. ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీని ఏ చట్టం కింద వాడుతున్నారని ఆయన హైకోర్టుకు పోయారు. మనల్ని చూడటానికి ఏ చట్టం ఉందో చూపించమంటే అంత కష్టమైతే, మన మాట వినడానికి ఏ చట్టం ఉందో ఇంకెంత కష్టమో!

ఇది ఇక్కడి రోగమే కాదు. ఇంట్లో దుండగులు పడ్డారని ఫోన్ చేసినా పోలీసులు సరిగా స్పందించలేదన్న కేసులో, పోలీసుల బాధ్యత ప్రజలందరికీ ఉంటుంది గానీ ఫలానా వ్యక్తికి ఉండదని వాషింగ్టన్ కోర్టు 1981లో చెప్పింది. అందరికీ అంటే ఎవరికీ కాదన్నమాట.

బాధ్యతను క్రియలో రాయడం సాధ్యం కాదా? మన చట్టంలోనే ఉంది. అట్రాసిటీ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగి కావాలని విధి నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు. ఏది విధి అన్న వాదన రాకుండా 2015 సవరణ లెక్కపెట్టి చెప్పింది. ఫిర్యాదు చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ రాయాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఉద్యమాలు కొట్లాడి తెచ్చుకున్న 'ఆలి' అది. 112కూ 14566కూ అదే భాషలో చట్టం కావాలి. కాల్ అందిన సమయం, బండి కదిలిన సమయం, చేరిన సమయం, ఆడియోతో సహా, ఫోన్ చేసినవాళ్ళకు ఇవ్వాలి. నెట్‌వర్క్ ఆపిన ఉత్తర్వును సమీక్షించే కమిటీలో ఇప్పుడున్నట్టు చీఫ్ సెక్రటరీ, కార్యదర్శులే కాకుండా బయటివాళ్ళూ ఉండాలి. శిక్షలు పెడితే ఉద్యోగులు భయపడతారని ఒక మిత్రుడన్నాడు. పని భారం నిజమే, అందుకే శిక్ష 'కావాలని' చేసిన నిర్లక్ష్యానికే ఉండాలి. సిబ్బందిని ఇవ్వని పై అధికారి కూడా అందులోకి రావాలి.

చట్టం వచ్చేలోపు ఒక పని చేద్దాం. ఛత్రినాక, చాంద్రాయణగుట్ట, బంజారాహిల్స్ పోలీస్ స్టేషన్ల పరిధుల్లో పోయిన ఏడాది 112కు ఎన్ని కాల్స్ వచ్చాయి, బండి చేరడానికి సగటున ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని కాల్స్‌కు బండి పోనేలేదు అని స.హ. చట్టం కింద అడుగుదాం. దరఖాస్తు తెలుగులో రాసి పెట్టాను. ఫీజు పది రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్ళకు అదీ లేదు. ఒక్కో కాలేజీ నుంచి ఒక్కో స్టేషన్ పంచుకోండి. వచ్చిన జవాబులు, రాని జవాబులు కలిపి వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.