పథ్యం సరే... పరీక్ష ఏదీ?

పోయిన నెల మా పెదనాన్నగారి అమ్మాయి ఇంటికి వెళ్లాను. భోజనాల దగ్గర బావగారికి వేరే కంచం, వేరే గ్లాసు. కంచంలో ఉప్పూ కారం లేని చప్పిడి కూర. అక్క కంచంలోనూ అదే! సంగతేంటని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. రక్తదానం చేసినప్పుడు బావగారికి హెపటైటిస్-బి ఉందని తేలిందట. "కామెర్ల జబ్బే కదమ్మా, ఇద్దరికీ పథ్యం పెడుతున్నా" అన్నారు అత్తగారు. పొద్దున్నే నేల ఉసిరి పసరు కూడానట.

"మరి నువ్వు పరీక్ష చేయించుకున్నావా అక్కా?" అన్నాను.

"నాకేమైందే? శుభ్రంగా తిరుగుతున్నాగా!" అంది.

రెండు నెలలుగా ఆ ఇంట్లో కంచాలు వేరయ్యాయి, నూనె తగ్గింది, ఉప్పు తగ్గింది. చేయాల్సిన అసలు పని మాత్రం జరగలేదు. ఇది మా అక్క ఒక్కదాని కథేనంటారా?

ఈ వైరస్ రక్తం ద్వారా, దాంపత్య సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. కలిసి తింటే రాదు, ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే రాదు. వేరుగా ఉంచాల్సినవి రేజరు, టూత్ బ్రష్, గోళ్లు తీసుకునే కత్తెర. కంచం కాదు.

ఇక పరీక్షలు. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టు. అది ఆరు నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలికమైందని అర్థం. యాంటీ హెచ్‌బీఎస్ ఉంటే రక్షణ ఉన్నట్టు. యాంటీ హెచ్‌బీసీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకినట్టు. సోకిన మర్నాడే పరీక్షలో బయటపడదు, కొన్ని వారాలు పడుతుంది. అందుకే నెగెటివ్ వచ్చినా మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో డాక్టరుని అడగాలి. వాడిన సూది గుచ్చుకుంటే మాత్రం ఆలస్యం వద్దు. వీలైతే 24 గంటల్లోపే టీకా వేయించుకోవాలి, అవసరాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

తిండి మాటకొస్తే, ఈ వైరస్‌ని పోగొట్టే పథ్యం ఏదీ లేదు. పప్పు, కూర, పెరుగు, గుడ్డు అన్నీ తినొచ్చు. చప్పిడి తిండితో నీరసం తప్ప ఒరిగేదేమీ లేదు. మానాల్సింది మద్యం. బూజు పట్టిన వేరుశెనగ గుళ్లు ఏరి వాడకుండా పారేయాలి. వాటిలోని విషం కాలేయానికి చేటు. పసర్లు, తెలియని మాత్రలు డాక్టరుకి చెప్పకుండా మింగకూడదు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి ఉప్పు తగ్గించమంటారు, అది కూడా డాక్టరే చెప్పాలి.

మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాని తయారుచేసి తక్కువ ధరకి తెచ్చింది. ఇప్పుడు పిల్లలకి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది, పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు. పసితనంలో సోకితే నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దల్లో అలా జరిగేది నూటికి ఐదుగురిలోపే. గర్భవతులకి ఈ పరీక్ష ఎందుకంటారో దీన్నిబట్టే తెలుస్తోంది కదా!

చివరికి అక్కని నేనే తీసుకెళ్లాను. వైరస్ లేదు, రక్షణా లేదు. మొదటి ఇంజెక్షన్ అయ్యింది. నెలకొకటి, ఆరో నెలకొకటి ఇంకా ఉన్నాయి. బావగారికి ప్రస్తుతం మందులు అవసరం లేదు, ఆర్నెల్లకోసారి పరీక్షలు చాలన్నారు.

మొన్న ఫోన్ చేస్తే అక్క అంది: "కంచాలన్నీ ఒకే చోట పెట్టేశానే. మా అత్తగారే సర్దారు." ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనం, మన ఒంటి సంగతి కూడా ఒకసారి చూసుకుందాం. ఏమంటారు?