పాత కంప్యూటరును పారవేయవలదు

కార్యవర్గ సభ్యులకును, విద్యార్థి మిత్రులకును మా విన్నపమొకటి. మన సంచికల అక్షరకూర్పునకు ఏండ్ల తరబడి వాడిన విండోస్ ఎక్స్‌పి కంప్యూటరును పాత సామానుల వానికి ఇచ్చివేయుదమను మాట వినవచ్చుచున్నది. చేసినవారే వదలివేసిన దానిని మనము మోయుట ఏల అని వాదము. 2001లో వెలువడిన ఆ వ్యవస్థకు 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ వారి మద్దతు ముగిసిన మాట నిజమే. ఐనను మేము ఈ ఆలోచనకు సమ్మతింపజాలము.

యంత్రముపై మమకారముచే ఇట్లనుట లేదు. మన ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లో కూర్చినవి. 1994లో వచ్చిన ఆ సాధనము నస్తలీఖ్ లిపిని తెరపైననే కూర్చుకొను వీలు కల్పించినది. కాని దాని పాత దస్త్రములు ఇన్‌పేజ్ లేని కంప్యూటరులో చదువవీలుకావు. తెలుగు పుటల సంగతి మరింత విచిత్రము. యూనికోడ్ వాడుకలోనికి రాకపూర్వపు ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన పుటలో, యంత్రము దృష్టికి తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తలకట్లను, గుడులను, కొమ్ములను ముక్కలు ముక్కలుగా అమర్చిరి. ఆ ఫాంటు లేనిచోట తెరచినచో మన విద్యార్థి వ్రాసిన కవిత అర్థములేని రోమను అక్షరముల కుప్పగా కనిపించును. పేజ్‌మేకరు సైతము ఏడవ కూర్పుతో ఆగిపోయినది. కావున ఆ కంప్యూటరు పోయిననాడు, అచ్చుప్రతులు తప్ప మన పాత సంచికలలో మిగులునది స్వల్పము.

ఉంచుకొనుట యనగా ఇప్పుడున్నట్లు వాడుకొనుట కాదు. దానిని ఇంటర్నెట్టుకు కలుపరాదు. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి సొమ్ము కోరినపుడు, మద్దతు ముగిసి మూడేండ్లయినను మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌పికి ప్రత్యేక మరమ్మతు విడుదల చేయవలసి వచ్చినది. ప్రతిసారి అట్టి దయ లభించునని ఆశింపరాదు. చేతికందిన పెన్ డ్రైవునెల్ల దానికి గ్రుచ్చు అలవాటును సైతము మానవలెను.

ఇక బ్యాకప్. దస్త్రములను మాత్రము సీడీలపై ఎక్కించి తృప్తిపడువారు కలరు. ఇన్‌పేజ్, ఫాంట్లు, ప్రింటరు డ్రైవర్లు లేనిదే ఆ సీడీలు ఎవరికి ఉపయోగము? హార్డ్ డిస్కునంతటిని ఉన్నదున్నట్లు ప్రతిబింబముగా తీయవలెను. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనము ఇందుకు చాలును. ఒక ప్రతి కళాశాలలోను, ఒకటి వేరొక భవనములోను ఉండవలెను. అంతకన్న ముఖ్యముగా, ఆ ప్రతిబింబమును మరియొక డిస్కుపైకి దింపి, అదే యంత్రమునకు బిగించి, పాత సంచిక నొకదానిని తెరచి చూడవలెను. అట్లు చూడనంతవరకు “కాపీ తీసితిమి” అను మాటను మేము లెక్కింపము. కొత్త యంత్రమునకు బిగించినచో డిస్కు పద్ధతులు కలియక నీలి తెర వచ్చి నిలిచిపోవచ్చును. వర్చువల్ యంత్రముగా నడుపు మార్గమున్నది. ఐతే కొన్ని కూర్పు సాధనములు వెనుక తగిలించు డాంగిలును గుర్తించిననే పనిచేయును కావున, దానిని జాగ్రత్తపరుపక తప్పదు. తేదీ తప్పుచున్నచో లోపలి చిన్న బ్యాటరీని మార్చినచో చాలును, అందుకు యంత్రమునే మార్చనక్కరలేదు!

ఇవన్నియు చేసినను హార్డ్ డిస్కు శాశ్వతము కాదు. కావున పుటలన్నిటిని యూనికోడ్‌లోనికి మార్చుట ఇప్పుడే ఆరంభింపవలెను. మార్చు సాధనములున్నవి గాని, తెలుగులో ఒత్తులు తారుమారగును, ఉర్దూలో పదముల నడుమ ఖాళీలు చెదరును. దిద్దుటకు మనుష్యులు కావలెను. రెండు భాషలను చదువగల విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. వేసవి సెలవులకు ముందే కార్యవర్గము రెండు డిస్కులను మంజూరు చేసినచో, ఒక్క సంచికతోనైనను ఈ పని మొదలిడవచ్చును.