కిరీటం దక్కని జట్లు

క్రీడాచరిత్రను విజేతల పట్టికగా చదవటం మనకు అలవాటైపోయింది. ఆ ఏడు కప్పు ఎవరిదో తెలుసుకొని, తక్కిన వారినందరినీ ఒకే గాటన కట్టివేస్తాము. విద్యాసంస్థల వార్షిక నివేదికలు సైతం ఇందుకు భిన్నం కావు. ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిన జట్టుకు వాటిలో ఒక్క వాక్యమైనా దొరకటం అరుదు. ఈ దృష్టి ఎంత అసమగ్రమో అమెరికాలోని ఎన్.బి.ఏ. బాస్కెట్‌బాల్ చరిత్ర చెబుతుంది. ఛాంపియన్‌షిప్ దక్కకపోయినా మేటి అనిపించుకున్న జట్లు అక్కడ ప్రతి తరంలోనూ ఉన్నాయి.

వాటిలో ఏది గొప్పది? పాయింట్లతో తూచి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పబూనటం వృథా. దూరం నుండి వేసిన బంతికి మూడు పాయింట్లిచ్చే నియమం ఎన్.బి.ఏ.లో 1979-80లో గాని రాలేదు. ఆటగానిని చేతితో అడ్డగించటంపై 2004-05 నుండి కట్టడి పెరిగింది. అందుచేత మేము వేరొక కొలబద్దను ఎంచుకొన్నాము: ఆ జట్టు ఎదుటివారి గొప్పతనం వల్ల ఓడిందా, తన లోపం వల్ల ఓడిందా?

ఈ కొలతకు 1960ల లాస్ ఏంజిలెస్ లేకర్స్ జట్టు బాగా నిలుస్తుంది. ఎల్జిన్ బేలర్, జెర్రీ వెస్ట్ ఉన్న ఆ జట్టు 1962, 1963, 1965, 1966, 1968, 1969 సంవత్సరాలలో ఫైనల్స్‌కు వెళ్లి, ఆరుసార్లూ బోస్టన్ సెల్టిక్స్ చేతిలోనే ఓడింది. మూడుసార్లు ఏడవ ఆట దాకా వెళ్లి 3, 2, 2 పాయింట్ల తేడాతో ఓడింది. ఎదుట నిలిచినవాడు బిల్ రసెల్. 13 సీజన్లలో 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచినవాడు. 1969 ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాని బహుమతి ఓడిన జట్టులోని వెస్ట్‌కే ఇచ్చారు. బేలర్ కథ మరీ బాధాకరం. మోకాలి బాధతో 1971 నవంబరులో ఆయన విరమించగా, మరుసటి ఆట నుండే లేకర్స్ వరుసగా 33 ఆటలు గెలిచి, 1972లో ఛాంపియన్లయ్యారు.

2002 నాటి సాక్రమెంటో కింగ్స్ విషయంలో తీర్పు చెప్పటం ఇంత సులువు కాదు. ఆ సీజన్లో 61 ఆటలు గెలిచిన జట్టది. క్రిస్ వెబర్, వ్లాడే దివాచ్, మైక్ బిబ్బీ బంతిని ఒకరికొకరు అందించుకొనే తీరు చూడముచ్చటగా ఉండేది. వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో లేకర్స్‌పై 2-1 ఆధిక్యంలో ఉండి, నాలుగవ ఆటలో ఒక దశలో 24 పాయింట్లు ముందున్నారు. చివరి క్షణంలో దివాచ్ బయటికి తోసిన బంతి నేరుగా రాబర్ట్ హోరీ చేతికి వెళ్లింది. అతని మూడు పాయింట్ల షాట్‌తో లేకర్స్ 100-99తో గెలిచారు. ఆరవ ఆట చివరి క్వార్టర్లో లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు లభించాయి. రిఫరీలపై ఆ విమర్శ నేటికీ ఉన్నది. అది నిరాధారమని మేము అనము. ఇక్కడ పలువురు అభిమానులు 'కిస్మత్' అనే మాటను ఆశ్రయిస్తారు. కాని ఏడవ ఆట మాటేమిటి? స్వంత కోర్టులో కింగ్స్ 30 ఫ్రీ త్రోలలో 14 పోగొట్టుకొని, అదనపు సమయంలో 112-106తో ఓడారు. ఫ్రీ త్రోకు తరభేదం లేదు. 1962లోనూ 2002లోనూ అదే 15 అడుగుల దూరం, అడ్డగించేవాడు లేడు.

ఫీనిక్స్ సన్స్ సంగతి వేరు. 2003-04లో 29 ఆటలు మాత్రమే గెలిచిన జట్టు, స్టీవ్ నాష్ రాకతో మరుసటి ఏడు 62 గెలిచింది. 2007లో శాన్ ఆంటోనియోతో పోరులో, నాష్‌ను హోరీ (ఆనాడు కింగ్స్‌ను ముంచిన హోరీయే) ఢీకొట్టి పడవేయగా, బెంచీ విడిచి లేచినందుకు స్టౌడమైర్, డియా ఐదవ ఆటకు దూరమయ్యారు. సన్స్ ఆ ఆటను 3 పాయింట్ల తేడాతో, తరువాత సిరీస్‌నూ కోల్పోయారు. అయినా వారి వేగం తరువాతి తరానికి పాఠమైంది.

మా వరుసలో లేకర్స్ ప్రథములు, కింగ్స్ ద్వితీయులు, సన్స్ తృతీయులు. స్టాక్టన్, మలోన్‌ల యూటా జాజ్‌ను ఎందుకు విడిచిపెట్టారని కొందరు విద్యార్థులు అడుగవచ్చును. 1997, 1998 రెండేళ్లూ జోర్డాన్ ఉన్న చికాగో చేతిలోనే ఓడారు గదా, అది ఎదుటివారి గొప్పతనం కాదా అని వాదించవచ్చును. న్యాయమైన వాదమే. అయితే 1998 ఫైనల్స్ మూడవ ఆటలో చికాగో 96 పాయింట్లు చేయగా జాజ్ చేసినవి 54. జాజ్ పక్షాన వాదించేవారు ముందుగా ఆ 54కు సమాధానం చెప్పవలసి ఉన్నది.