వడ్డీ లెక్కలో దాగిన భారం

తెలుగునాట అప్పు మాట వస్తే వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పుకోవడం చిరకాలంగా ఉన్న రివాజు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఇరవైనాలుగు రూపాయలని చదువురాని కూలీ సైతం క్షణంలో చెప్పగలడు. బ్యాంకుల పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ రేటు ఏడాదికి చెబుతారు. వడ్డీ మాత్రం నెలనెలా కడతారు. సామాన్య రుణగ్రహీత తడబడుతున్నది ఈ రెంటి నడుమనే.

12 శాతం వార్షిక రేటును పన్నెండుతో భాగిస్తే నెలకు 1 శాతం వస్తుంది. ఆ వడ్డీ నెలనెలా అసలులో కలుస్తూ పోతే ఏడాది తిరిగేసరికి వాస్తవ భారం 12.68 శాతమవుతుంది. నిజంగా 12 శాతమే పడాలంటే నెలవారీ రేటు సుమారు 0.949 శాతం ఉండాలి. రేటు పెరిగేకొద్దీ ఈ తేడా ముదురుతుంది. నెలకు 3.5 శాతం చొప్పున క్రెడిట్ కార్డు బకాయి పేరుకుపోతున్నవారు దానిని 42 శాతంగా భావిస్తారు. చక్రవడ్డీ లెక్కన అది 51 శాతం పైమాటే.

2002 ఏప్రిల్ 1 నుంచి రుణాలపై నెలనెలా వడ్డీ లెక్కించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంతకుముందు మూడు నెలలకోసారి లెక్కించేవారు. 18 శాతం రేటుపై ఈ మార్పుతో వాస్తవ వార్షిక భారం 19.25 నుంచి 19.56 శాతానికి చేరుతుంది. వ్యవసాయ రుణాలను ఇందులో నుంచి మినహాయించడం సముచితమే. రైతు చేతికి సొమ్ము అందేది పంట నూర్చిన తరువాతే కదా!

అసలు కనికట్టు ‘ఫ్లాట్’ రేటులో ఉన్నది. లక్ష రూపాయల అప్పు, 10 శాతం, మూడేళ్ల గడువు. వడ్డీ 30 వేలు కలిపి 36 భాగాలు చేస్తే నెలకు 3,611 రూపాయల వాయిదా. అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్షపైనే పడుతూ ఉంటుంది. తరిగే బాకీపై లెక్కిస్తే ఇది దాదాపు 18 శాతం రేటు. వాహనం కొనేవాడికి వినిపించేది పదే, చెల్లించేది పద్దెనిమిది.

రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలనీ, రుసుములు కలిపిన వార్షిక రేటును అందులో చూపాలనీ రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు అవి వర్తించాయి. ఇది హర్షణీయం. అయితే ఆ ఉత్తర్వులో ఇచ్చిన ఉదాహరణను పరిశీలిస్తే ఒక లోపం బయటపడుతుంది. 20 వేల రుణం, 400 రుసుము, 970 రూపాయల చొప్పున 24 వాయిదాలు, రేటు 17.07 శాతమని చూపారు. ఇది నెలవారీ రేటును పన్నెండుతో హెచ్చవేసిన అంకె మాత్రమే. చక్రవడ్డీగా చూస్తే సుమారు 18.5 శాతం.

డిపాజిట్లు ఆకర్షించే వేళ ఇవే బ్యాంకులు 8 శాతాన్ని మూడు నెలల చక్రవడ్డీతో 8.24 శాతం ప్రతిఫలంగా చూపడానికి వెనుకాడవు. ఇచ్చేటప్పుడు ఒక కొలత, పుచ్చుకొనేటప్పుడు మరొక కొలత న్యాయం కాదు. ముఖ్యాంశాల పత్రంలో ఇప్పుడున్న అంకె పక్కనే చక్రవడ్డీతో కూడిన వార్షిక రేటును కూడా అచ్చు వేయించడం రిజర్వు బ్యాంకుకు ఏమంత కష్టం కాదు. ‘ఫ్లాట్’ రేటును ప్రకటనల్లో పేర్కొనడాన్ని నిషేధించడమూ అంతే అవసరం.